అండమాన్ టూర్లు వేసే విజయవాడ, గుంటూరు ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

యజమానులకు, టూర్ మేనేజర్లకు, మీ తరఫున అక్కడ బండ్లు, బోట్లు మాట్లాడిపెట్టే వాళ్లకు నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడితే చాలు, బెంజ్ సర్కిల్ నుంచి బ్రాడీపేట దాకా అందరి వాట్సాప్‌లలోకీ మీ పోస్టర్లు వచ్చేస్తాయి. అండమాన్, 5 రాత్రులు 6 పగళ్లు, తెలుగు భోజనం, తెలుగు మేనేజర్. సెల్యులార్ జైలు ఉంటుంది, స్కూబా ఉంటుంది, కొత్త జంటలకు క్యాండిల్ లైట్ డిన్నర్ ఫ్రీ అని ఉంటుంది. ఆ దీవుల్లో ఏయే జీవాలున్నాయో, వేటిని ముట్టుకోకూడదో, ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం ఎక్కడా ఒక్క ముక్క ఉండదు. ఫ్లైట్ ఎక్కేముందు ఎవరూ చెప్పరు, దిగాకా చెప్పరు. నేను రాస్తున్నది దాని గురించే.

తిట్టడానికి రాస్తున్నానని అనుకోకండి. మీలో ఒకరి గ్రూపులోనే మా కుటుంబం వెళ్లింది. భోజనానికి వంక పెట్టడానికి లేదు, సముద్రం మధ్య దీవిలో గోంగూర పచ్చడి వడ్డించారు. పెద్దవాళ్లను బోటు ఎక్కించడం, దించడం ఎంతో ఓపికగా చేశారు. అంత ఓపిక ఉన్నవాళ్లు ఈ పని కూడా చేయగలరనే ఈ ఉత్తరం.

మన ఊళ్ల నుంచి అండమాన్ వెళ్లేవాళ్లలో ఎక్కువమంది జీవితంలో ఒక్కసారే వెళ్తారు. బ్యాంకుల వాళ్లు, పోస్టల్ వాళ్లు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఎల్‌టీసీ మీద పిల్లల్ని, అత్తగారిని, మామగారిని వెంటబెట్టుకుని వెళ్తారు. వాళ్లలో చాలామందికి పగడపు దిబ్బను చూడటం అదే మొదటిసారి, బహుశా అదే ఆఖరిసారి. అక్కడ వాళ్లకు టీచరైనా, గైడైనా, చట్టం చెప్పే మనిషైనా మీ టూర్ మేనేజరే. ఆయన "ఏం కాదులెండి, దిగండి" అంటే దిగుతారు. "వద్దండీ" అంటే ఆగుతారు. ఆ మాటకున్న బలం మీరు గుర్తించినట్టు లేదు.

నీల్ దీవి సంగతి చెబుతాను. ఇప్పుడు దాని పేరు షహీద్ ద్వీప్. అక్కడ సముద్రం కోసికోసి తయారుచేసిన రాతి వంతెన ఉంది, ఆటు సమయంలోనే అక్కడికి నడిచి వెళ్లగలం. నీళ్లు వెనక్కి పోయాక రాళ్ల మధ్య చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. ఒక్కో మడుగు దగ్గర గొంతుక్కూర్చుని చూస్తే చాలు. వేలెడంత చేపలు నీడ పడగానే రాతి కిందికి దూరతాయి. రాతి సందులో ఇరుక్కుని జెయింట్ క్లామ్ అనే పెద్ద ఆల్చిప్ప ఉంటుంది, దాని పెదవులు నెమలిపింఛం రంగులో మెరుస్తుంటాయి, మనం వంగితే ఠక్కున మూసుకుంటుంది. నల్లగా, మెత్తగా, జానెడు పొడవున సీ కుకుంబర్ అనే జీవి ఇసుకలో పడి ఉంటుంది.

మా గైడు ఆ మడుగులో చెయ్యి పెట్టి సీ కుకుంబర్‌ను పైకి తీశాడు. "పట్టుకోండి మేడమ్, ఏం చెయ్యదు." ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి, అక్కడి నుంచి పిల్లల చేతుల్లోకి, ప్రతి చేతికీ ఒక సెల్ఫీ. అది నీళ్లు చిమ్మింది, అందరూ నవ్వారు. భయపడితే దానికి చేతనైన ఆత్మరక్షణ చాలా తక్కువ. వీటిలో కొన్ని జాతులు మరీ బెదిరితే సొంత పేగుల్నే బయటికి కక్కేస్తాయి. శత్రువు ఆ పేగుల మీద పడితే తాను తప్పించుకోవచ్చని. మళ్లీ అవి పెరగడానికి వారాలు పడుతుంది, అందాకా తిండి లేదు. మన ఫోటో కోసం అది పడాల్సిన అవస్థ అది. ఇసుకను మింగి, అందులోని కుళ్లును అరిగించుకుని, శుభ్రమైన ఇసుకను బయటికి వదిలే జీవి అది. పులిని కాపాడే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి 2001లో సీ కుకుంబర్లనూ, పగడాలనూ, జెయింట్ క్లామ్‌లనూ చేర్చారు. అంటే మా గైడు మా చేతుల్లో పెట్టింది చట్టం రక్షణ ఉన్న ప్రాణిని. ఆ ముక్క అతనికి తెలియకపోవచ్చు. అతన్ని మాట్లాడింది మీరు కాబట్టి మీరు చెప్పాలి.

పగడాల విషయం ఇంకా ముఖ్యం. మన గ్రూపుల్లో పదిమందిని అడిగితే తొమ్మిదిమంది అది రాయి అంటారు, ఒకరు మొక్క అంటారు. అది జంతువు. గుండుసూది తలంత ఉండే జీవులు లక్షలుగా పక్కపక్కన చేరి, కింద సున్నపు గూడు కట్టుకుంటూ పోతే తయారయ్యే దిబ్బ అది. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఎండతో అది తయారుచేసే ఆహారంతోనే పగడం చాలావరకు బతుకుతుంది, పగడాలకున్న రంగుల్లో చాలావరకు ఆ నాచు పుణ్యమే. సముద్రం మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి, ఆ వేడి వారాల తరబడి తగ్గకపోతే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు దిబ్బ మొత్తం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది, 2010లో దెబ్బ మరీ గట్టిది. వేడి త్వరగా తగ్గితే కొన్ని కోలుకుంటాయి, లేకపోతే చచ్చిపోతాయి. గుండ్రటి బండల్లా ఉండే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. మనిషి ఎత్తు బండ ఉందంటే దాని వయసు మీరే లెక్కేసుకోండి.

అలాంటి దాని మీద మనవాళ్లు నిలబడతారు. కావాలని కాదు. ఎలిఫెంట్ బీచ్‌లో లైఫ్ జాకెట్ తగిలించి, మూతికి గొట్టం పెట్టి నీళ్లలోకి దింపేస్తారు. గుక్కెడు ఉప్పునీళ్లు నోట్లోకి పోతాయి, టెన్షన్ వచ్చేస్తుంది, కాలికి గట్టిగా ఏది తగిలితే దాని మీద నిలబడిపోతారు. విజయవాడలో పుట్టి పెరిగినవాళ్లమైనా కృష్ణలో పుష్కర స్నానానికి తప్ప నీళ్లలోకి దిగనివాళ్లం మనలో బోలెడుమంది. నడుము లోతు నీళ్లలో, ఇసుక నేల మీద, ఓ పది నిమిషాలు మాస్కు అలవాటు చేయిస్తే సగం సమస్య పోతుంది. "కాలు కింద పెట్టొద్దు, కంగారొస్తే వెల్లకిలా తేలండి" అని తెలుగులో రెండు మాటలు చెబితే మిగతా సగం పోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. బోటు వాడు తొందరపెడతాడు, నిజమే. బోటు వాడికి డబ్బులిచ్చేది మీరే కదా.

అలా స్థిమితంగా తేలుతూ చూస్తే ఏం కనిపిస్తుందో చెప్పనివ్వండి. ప్యారట్ ఫిష్ అని ఒక చేప ఉంది, ఆకుపచ్చ, నీలం, గులాబీ రంగులు కలగలిపి ఉంటుంది. పళ్లన్నీ కలిసిపోయి చిలకముక్కులా ఉంటాయి. చెవులు నీళ్లలో పెట్టి ఊరుకుంటే అది దిబ్బను కొరుకుతున్న చప్పుడు కటకటమని వినపడుతుంది. దిబ్బ మీది నాచు కోసం సున్నంతో సహా కొరికి, లోపల నూరి, కాసేపటికి వెనకనుంచి తెల్లటి పొడి మేఘంలా వదులుతుంది. పగడపు దిబ్బలున్న చోట్ల బీచ్‌ల తెల్ల ఇసుకలో చెప్పుకోదగ్గ వాటా ఇదే. చేప విసర్జించిన ఇసుక మీద మనం పడుకుని ఫోటోలు దిగుతున్నామని మా మనవడికి చెబితే వాడు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. మీ మేనేజర్ ఈ ఒక్క సంగతి చెప్పినా పిల్లలు ఫోన్లు పక్కన పడేసి నీళ్లలోకి చూస్తారు.

ఎయిర్‌పోర్టులో జరిగింది కూడా చెప్పాలి. మా గ్రూపులో ఒకావిడ బీచ్‌లో దొరికిన ఎండిన పగడపు కొమ్మలు, నాలుగు గవ్వలు సంచిలో వేసుకున్నారు. సంక్రాంతికి బొమ్మల కొలువులో సముద్రం సెట్టింగ్ పెడదామని ఆవిడ ఆశ. స్కానింగ్‌లో పట్టుకున్నారు. సంచి అంతా కుమ్మరించి, అవి తీసుకుని, అందరి ముందూ నాలుగు మాటలన్నారు. పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మా మేనేజర్‌ని అడిగితే "నాకూ తెలీదండీ, చచ్చిన పగడమే కదా" అన్నాడు. చచ్చినా సరే, దీవి దాటించడం నేరమే. ఖాళీ గవ్వకు కూడా అక్కడ గిరాకీ ఉంది. సన్యాసి పీతకు సొంత గుల్ల ఉండదు, ఒళ్లు పెరిగినకొద్దీ పెద్ద గవ్వ వెతుక్కుని అందులోకి మారుతుంది. మనం సంచుల్లో వేసుకొస్తే వాటికి ఇళ్లుండవు. ఇది ముందే చెప్పి ఉంటే ఆవిడ ఒక్క గవ్వ కూడా తీసేవారు కాదు. చీమల పుట్టకు కూడా దణ్ణం పెట్టే మనిషి.

ఇక బారాటాంగ్. దీని గురించి మెత్తగా రాయడం నావల్ల కాదు. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవుల్లో బోటు ప్రయాణం అని మీరు అమ్ముతారు. అవన్నీ ఉన్న మాట నిజమే. కానీ టికెట్ అమ్మేటప్పుడు గొంతు తగ్గించి "అదృష్టముంటే దారిలో జరావా వాళ్లు కూడా కనపడతారు సార్" అంటారు చూడండి, అది మానేయండి. జరావాలు అక్కడి ఆదివాసులు, మనుషులు. వాళ్ల అడవిలోంచి వేసిన రోడ్డు అది. వాళ్లుండే భాగంలో ఆ రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. అయినా కాన్వాయ్‌లు నడుస్తున్నాయి. అక్కడి ఆదివాసుల రక్షణకు 1956 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. దారిలో బండి ఆపినా, ఫోటో తీసినా, తినడానికి ఏదైనా ఇచ్చినా నేరం, జైలు దాకా పోవచ్చు. పులుల్ని, జింకల్ని చూపించే జాబితాలో సాటి మనుషుల్ని చేర్చే హక్కు మనకెవరిచ్చారు? నన్నడిగితే బారాటాంగ్‌ను ప్యాకేజీలోంచి తీసేయమంటాను. మడ అడవులే చూడాలంటే మన కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాగాయలంక అవతల ఉన్నాయి, చేపల్ని వేటాడే బావురుపిల్లి తిరిగే అడవులవి.

ఆ మిగిలిన రోజు ఏం చేయాలంటారా? వండూర్ నుంచి జాలీబోయ్‌కి తీసుకెళ్లండి. 1983లో ఏర్పాటుచేసిన మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉందది. దిబ్బలకు కాస్త ఊపిరి తీసుకునే వీలివ్వాలని జాలీబోయ్‌ని కొన్నాళ్లు, రెడ్‌స్కిన్ దీవిని కొన్నాళ్లు మార్చి మార్చి తెరుస్తారు. ప్లాస్టిక్ సీసా కూడా పట్టుకెళ్లనివ్వరు. పర్మిట్లు తెచ్చుకోవాలి, సోమవారం సెలవు, మీకు కాస్త తలనొప్పి. అందుకే చాలామంది మొత్తానికే ఎగ్గొడుతున్నారని నా అనుమానం.

సాయంత్రం చిడియా టాపుకు సూర్యాస్తమయం కోసం తీసుకెళ్తారు, సంతోషం. ఒక గంట ముందు తీసుకెళ్లండి. ఇరవైకి పైగా పక్షి జాతులు ఈ దీవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేవు, వాటిలో కొన్నింటిని ఆ చెట్ల మీదే చూడొచ్చు. ఒళ్లంతా నల్లగా, తల మీద ఎర్ర కుచ్చుతో వడ్రంగి పిట్ట ఉంది. గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చూసి మురిసిపోయే పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి.

రాస్ దీవిలో జింకలకు బిస్కెట్లు పెట్టడం కూడా ఆపించండి. అవి అసలు అక్కడివే కావు, ఇంగ్లీషువాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు. అండమాన్ అడవుల్లో పులి లేదు, చిరుత లేదు. వేటాడే జంతువు లేకపోవడంతో అవి వేరే దీవులకూ పాకి, లేత మొక్కల్ని పెరగనివ్వకుండా మేసేస్తున్నాయి. ఆ దీవుల సొంత జంతువు ఏదంటే డుగాంగ్ పేరు చెప్పాలి, సముద్రపు గడ్డి మేసుకుంటూ బతికే సాధుజీవి. అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతానికి అధికారిక జంతువుగా దాన్నే పెట్టుకున్నారు. ఊపిరి కోసం పైకి వచ్చినప్పుడు స్పీడ్ బోటు తగిలితే అంతే సంగతులు. జెట్ స్కీలు ఆ సముద్రపు గడ్డి ఉన్న చోట తిప్పొద్దనడం అందుకే.

మొసళ్ల గురించి కూడా దాచకండి. ఉప్పునీటి మొసలి అక్కడ ఉంది. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ పర్యాటకురాలు దాని వాత పడి చనిపోయింది. బోర్డు పెట్టిన చోట, వల కట్టిన గీత దాటి దిగొద్దని చెప్పడం భయపెట్టడం కాదు. భయపడి టూర్ మానుకుంటారేమో అని మీరు నోరు మెదపరు. చెప్పి చూడండి, ఒక్కరు కూడా మానరు.

మీరు తీసుకెళ్లలేని దీవుల గురించి కూడా బస్సులో నాలుగు ముక్కలు చెప్పొచ్చు. నార్కొండం అని ఓ చిన్న దీవి, చుట్టుకొలతలో మన ఊరి పొలిమేరంత. ప్రపంచం మొత్తానికి నార్కొండం హార్న్‌బిల్ అనే పక్షి ఉన్నది ఆ ఒక్క దీవిలోనే. బారెన్ దీవిలో దేశంలో రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం ఉంది, ఒక మేక మెడకు గంట కట్టి వదిలినా వినేవాడు లేని చోటు. నికోబార్ మెగాపోడ్ అనే పక్షి గుడ్ల మీద కూర్చోదు. ఇసుక, ఆకులు, అలములు పోగేసి గుట్ట కడుతుంది, గుడ్లు అందులో పాతేస్తుంది. ఆకులు కుళ్లే వేడికి గుడ్లు పొదుగుతాయి. మన పెంటపోగులో చెయ్యి పెడితే తగిలే వేడే అది. తీరాన్ని ఆనుకుని గుట్టలు కట్టే ఈ పక్షిని 2004 సునామీ దారుణంగా దెబ్బతీసింది. ఆ సునామీని తెచ్చిన భూకంపానికే ఉత్తరాన నేల మీటరుకు పైగా లేచి పగడాలు గాలిలో మాడిపోయాయి, దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి లైట్‌హౌస్ నీళ్లలో మిగిలింది.

ఆ ఇందిరా పాయింట్ ఉన్న గ్రేట్ నికోబార్‌లోనే ఇప్పుడు పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కడతామంటున్నారు. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవిని అందుకు ఇచ్చేశారు, 2022లో పర్యావరణ అనుమతి కూడా వచ్చింది. ఓడరేవు రాబోయే గలాథియా తీరం, ప్రపంచంలోకెల్లా పెద్ద తాబేలు లెదర్‌బ్యాక్ గుడ్లు పెట్టే చోటు. ఇది మీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. కానీ అక్కడిదాకా వెళ్లొచ్చిన మనిషి పేపర్లో ఈ వార్త కనపడితే పేజీ తిప్పేయకుండా చదవాలంటే, ఆ తాబేలు పేరు ఒక్కసారైనా విని ఉండాలి. మన సూర్యలంక వైపు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయని గుంటూరు వాళ్లలో ఎంతమందికి తెలుసు? ఆదివారం ఆదివారం బైకుల మీద వెళ్లొస్తూనే ఉంటాం.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రయాణానికి ముందు ఎలాగూ అందరినీ మీ ఆఫీసుకు పిలిచి ఆధార్ కార్డులు, మందులు, చెప్పులు అంటూ ఓ అరగంట చెబుతారు. దానికి ఇంకో అరగంట కలపండి. చేతికిచ్చే కాగితంలో హోటల్ పేర్ల కింద ఒక పేజీ ఈ సంగతులకు వదలండి. అక్కడ గైడ్లను మాట్లాడేటప్పుడు మడుగుల్లో చెయ్యి పెట్టొద్దని ముందే ఖరారు చేసుకోండి. వాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉంటారు, శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు. తెలుగులో చెబితే వింటారు. నీళ్లలో దిగే రోజు సన్‌స్క్రీన్ బదులు ఒంటినిండా కప్పే బట్టలు తెచ్చుకోమనండి. చాలా సన్‌స్క్రీన్‌లలో ఉండే ఆక్సిబెంజోన్ పగడాలకు చేటు. హవాయిలో 2021 నుంచి అది ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకమే ఆపేశారు.

కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ ఒక పేజీ తెలుగులో రాసిచ్చే పని నాది, ప్రింటింగ్ మీది. పైసా అడగను. మీ పేరు, మీ లోగో వేసుకోండి, నా పేరు అక్కర్లేదు. మీ ఆఫీసులో జరిగే ఆ మీటింగులకు పిలిస్తే వచ్చి చెబుతాను కూడా, గుంటూరులో అయితే నడిచి వస్తాను, విజయవాడ అయితే బస్సెక్కుతాను. సీజన్ మొదలవ్వడానికి ఇంకా టైముంది. మీలో ముందు ఎవరు పిలుస్తారో చూస్తాను.

ఇట్లు,
మీ టూర్‌లో వెళ్లొచ్చిన ఒక ప్రయాణికుడు,
బ్రాడీపేట, గుంటూరు.